నాన్న డీటీపీ సిస్టమ్‌లో విండోస్ పక్కన మింట్ వేయాలి, ఖాళీ చేసిన 60 జీబీని "అన్‌యూజబుల్" అంటోంది

నరసరావుపేట_కుర్రోడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, సగం సగం చెప్తే మళ్ళీ మీరే అడుగుతారని అంతా రాస్తున్నా.

మా ఇంట్లో ఉన్నది ఒకటే సిస్టమ్. 2016లో అసెంబుల్ చేయించింది. ఐ3 6100, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. దాని మీదే నాన్న డీటీపీ చేస్తారు, ముందు గదిలో టేబుల్ వేసుకుని. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, కోరల్ డ్రా, పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, పాంప్లెట్లు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడే. సీ డ్రైవ్ 150 జీబీ, డీ 350, ఈ 430. ఈ డ్రైవ్ మొత్తం నాన్న పనే, 2009 నుంచి చేసిన కార్డుల ఫైళ్లు పాత సిస్టమ్ నుంచి దీంట్లోకి తెచ్చుకున్నారు, ఎవరైనా వచ్చి "మా పెద్దమ్మాయికి చేసినట్టే చిన్నమ్మాయికీ చేసివ్వండి" అంటే ఆ ఫోల్డర్ తీసి పేర్లు, ముహూర్తం మార్చి ఇస్తారు. మా ఇల్లు దాని మీదే నడుస్తోంది.

నేను బీటెక్ సెకండియర్. ఈ సెమ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది, ఫోర్క్, పైప్, సెమాఫోర్ ప్రోగ్రాములు అన్నీ ఉబుంటు మీదే. కాలేజీలో వారానికి మూడు గంటలే ల్యాబ్, ఇంట్లో చేసుకుంటే తప్ప రాదు అనిపించింది. నాన్నని అడిగితే "నా పని చెడకుండా ఏమైనా చేసుకోరా" అన్నారు.

చేసింది ఇది. ఉబుంటు ఆధారంగానే చేసిన లినక్స్ మింట్ 22 దింపి రూఫస్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈ డ్రైవ్‌ని 60 జీబీ ష్రింక్ చేశా, నల్ల గీతతో అన్‌అలొకేటెడ్ అని వచ్చింది. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే వీడియోల్లో చూపించే "విండోస్ పక్కన ఇన్‌స్టాల్" అన్న ఆప్షనే రాలేదు, "మొత్తం డిస్క్ చెరిపెయ్యి", "ఇంకేదైనా" అని రెండే ఉన్నాయి. ఇంకేదైనాలోకి వెళ్తే ఆ 60 జీబీ పక్కన "అన్‌యూజబుల్" అని ఉంది, ప్లస్ గుర్తు నొక్కనివ్వట్లేదు. భయమేసి బయటికొచ్చేశా. విండోస్‌లోకి వచ్చి ఆ ఖాళీ మీద న్యూ సింపుల్ వాల్యూమ్ చేద్దామంటే, ఈ డిస్క్ బేసిక్ నుంచి డైనమిక్‌కి మారిపోతుంది, ఓకేనా అని అడిగింది. నో కొట్టా.

ఎస్ కొట్టొచ్చా? వచ్చే నెల శ్రావణం, ముహూర్తాలు మొదలైతే నాన్న సిస్టమ్ వదలరు, ఈలోపే చేసుకోవాలి.

జీరోబైట్:

ఎస్ కొట్టేయ్ బ్రో ఏం కాదు, నేను మా ల్యాపీలో కొట్టా, ఫైల్స్ ఏవీ పోలేదు, డైనమిక్ అయితే ఎన్ని డ్రైవ్‌లైనా చేసుకోవచ్చు.

పాతబోర్డు:

తమ్మీ, ఎస్ కొట్టకు. నో కొట్టి మంచి పని చేసినవ్, అక్కడే ఆగు.

జీరోబైట్ చెప్పింది సగం నిజం. డైనమిక్ చేస్తే ఫైళ్లు అప్పటికప్పుడు పోవు, విండోస్ కూడా లేస్తది. కానీ అది విండోస్ సొంత పద్ధతి, లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఆ డిస్క్ మీద చోటు దొరకదు. వెనక్కి బేసిక్ చేద్దామంటే విండోస్ టూల్‌తో అయితే వాల్యూమ్‌లన్నీ తీసెయ్యాలె. అంటే నీ ఈ డ్రైవ్ ఖతం. మీ నాయన ఫైళ్లున్న డిస్క్ మీద ఆ దారి వద్దే వద్దు.

ఇప్పుడు అన్‌యూజబుల్ ఎందుకు అంటున్నదో చెప్త. నీది 2016ల అసెంబుల్ చేసి, విండోస్ లెగసీ మోడ్‌ల, అంటే పాత బయోస్ బూట్ పద్ధతిల, వేసి ఇచ్చిన సిస్టమ్, అప్పుడు షాపుల్లో చానా మటుకు అట్లనే వేసేటోళ్లు. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టీషన్ పద్ధతిల ఉన్నది. ఆ పద్ధతి 1983 నాటిది, పీసీ డాస్ 2.0, ఐబీఎం ఎక్స్‌టీ మిషన్లు వచ్చినప్పటిది. డిస్క్ మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందుల 446 బైట్లు బూట్ చేసే కోడ్‌కు, చివరి 2 బైట్లు సంతకానికి, మిగిలిన 64 బైట్లల్లనే పార్టీషన్ల పట్టిక. ఒక్కో పార్టీషన్ వివరానికి 16 బైట్లు. 64ని 16తో భాగిస్తే 4. అంతే, నాలుగే గదులు. నీకు సీ, డీ, ఈ మూడే కనవడుతున్నయి గని ముందట సిస్టమ్ రిజర్వ్‌డ్ అని 500 ఎంబీది ఒకటి ఉంటది చూడు, దాంతోని నాలుగు నిండినయ్. ఖాళీ చోటు 60 జీబీ కాదు, 600 జీబీ ఉన్నా దాన్ని రాసుకునే గది లేదు. అందుకే అన్‌యూజబుల్.

మామూలుగా నాలుగో దాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల లాజికల్ పార్టీషన్లు ఎన్నైనా చేస్కోవచ్చు. నీ డిస్క్‌ల నాలుగూ ప్రైమరీలే చేసిపెట్టిండ్రు. ఇప్పుడు దారులు ఏమున్నయంటే, ఒకటి, ఈ డ్రైవ్‌ల ఉన్నదంతా వేరే డిస్క్‌లకు తీసి, ఈ డ్రైవ్ డిలీట్ చేసి, ఆ చోటంతా ఎక్స్‌టెండెడ్ చేసి, లోపల ఈ డ్రైవ్ మళ్ల చేసి, మిగిలినదాంట్ల మింట్ వెయ్యాలె. అయితది, కానీ కాపీలు చానా జాగ్రత్తగా కావాలె. ఇంకోటి డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పార్టీషన్ పద్ధతికి మార్చుడు. విండోస్ 10ల 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అని టూల్ లోపలనే ఉన్నది, డేటా పోకుండ మారుస్తది, అయితే దానికి గూడ ప్రైమరీలు మూడుకు మించి ఉండొద్దు, ఎక్స్‌టెండెడ్ అసలే ఉండొద్దు. అంటే ముందు ఒక డ్రైవ్ తియ్యాల్సిందే, తర్వాత బయోస్‌ల యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి మార్చాలె.

నన్నడిగితే రెండూ వద్దు. ఒక చిన్న ఎస్ఎస్‌డీ తెచ్చుకో, మింట్ దాని మీద వేస్కో, నాయన డిస్క్‌ను ముట్టుకోకు. హెచ్110 బోర్డుకు నాలుగు సాటా పోర్టులు ఉంటయి సాధారణంగ, ఒకటి ఖాళీ ఉంటది.

ఇంకొక ముఖ్యమైన పని చెప్త, ఇది ఇయ్యాలనే చెయ్యి. నీ దగ్గర మింట్ పెన్‌డ్రైవ్ రెడీగ ఉన్నది కదా, ఇన్‌స్టాల్ నొక్కకుండ లైవ్‌గ బూట్ చేసి డిస్క్స్ అన్న యాప్ తెరువు, హార్డ్ డిస్క్ మీద క్లిక్ చేసి పైన మూడు చుక్కల మెనూల స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క, చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్, ఈ రెండు అంకెలు ఇక్కడ రాయి. 2016 డిస్క్ అంటున్నవ్, రోజంతా నడిచే డిస్క్, అది చూడకుండ నేను ఏదీ చెప్పను.

జీరోబైట్:

సారీ బ్రో, నా ల్యాపీలో లినక్స్ లేదు, అందుకే నాకు ప్రాబ్లం రాలేదు. పాతబోర్డు అన్న చెప్పిందే చెయ్. ల్యాబ్ వరకే అయితే విండోస్ 10లోనే డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేసుకుని ఉబుంటు దింపుకోవచ్చు, ఫోర్క్, పైప్ అన్నీ నడుస్తాయి, పార్టీషన్ గొడవే ఉండదు. నేను అలాగే చేస్తున్నా.

నరసరావుపేట_కుర్రోడు:

పాతబోర్డు అన్నా, చాలా థ్యాంక్స్, ఆ నాలుగు గదుల లెక్క చదివి చూస్తే నిజంగానే ముందర సిస్టమ్ రిజర్వ్‌డ్ ఉంది, నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

జీరోబైట్ బ్రో, డబ్ల్యూఎస్ఎల్ సంగతి తెలుసు, కానీ పేజ్‌మేకర్ తెరిచి నాన్న కూర్చున్నప్పుడు నేను వాడలేను కదా, రాత్రి నా టైంలో పూర్తిగా లినక్స్‌లోనే ఉండాలని, బూట్ దగ్గర్నుంచి ఏం జరుగుతుందో చూడాలని నా కోరిక.

స్మార్ట్ చూశా. రీఅలొకేటెడ్ 112. కరెంట్ పెండింగ్ 24. పక్కన రంగు మారి ఉంది. పవర్డ్ ఆన్ అని నాలుగేళ్ళకి పైన చూపిస్తోంది. ఇది ప్రమాదమా అన్నా? ఈ మధ్య కొన్ని పాత ఫైళ్లు తెరిస్తే సిస్టమ్ ఒక నిమిషం ఆగిపోతోందని నాన్న అంటున్నారు, మేం విండోస్ స్లో అయిందనుకున్నాం.

పాతబోర్డు:

తమ్మీ, మింట్ సంగతి పక్కన పెట్టు. మీ నాయన డిస్క్ పోతున్నది.

రీఅలొకేటెడ్ అంటే పాడైన చోటును వదిలి డిస్క్ తన దగ్గర దాచిన వేరే చోటు వాడుకున్నది అని. పెండింగ్ అంటే చదవలేకపోతున్న చోట్లు, ఇంకా ఎటూ తేలనివి. మొదటి అంకె ఒక్కటే ఉండి పెరగకుంటే కొన్నేండ్లు నడుస్తది. రెండోది గూడ ఉండి, ఫైలు తెరిస్తే నిమిషం ఆగుతున్నదంటే ఆ ఫైలున్న చోటే చదవలేకపోతున్నదన్నట్టు. రేపు పోవచ్చు, ఆరు నెలలకు పోవచ్చు, చెప్పలేం. నువ్వు 60 జీబీ ష్రింక్ చేసినప్పుడు దాని మీద రాతలు జరిగినయి, అప్పుడు ఏం గాలేదు, అదృష్టం. ఇంక డీఫ్రాగ్ వద్దు, రిపేర్ చేసే చెక్‌డిస్క్ దాని మీద వద్దు, పార్టీషన్ టూల్స్ వద్దు.

వరుస ఇది. ముందు ఫైళ్లు, తర్వాత క్లోన్. నాయనను అడుగు, ఏ ఫోల్డర్ పోతే పని ఆగుతదో అది మొదలు. ఎందుకంటే చచ్చే డిస్క్‌ను ఎంత సేపు చదివితే అంత నష్టం, ముఖ్యమైనవి మొదటి అరగంటలనే బయటికి రావాలె. లైవ్ మింట్‌ల నుంచే బయటి హార్డ్ డిస్క్‌కు కాపీ చెయ్యి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల ఆ డ్రైవ్ రీడ్ ఓన్లీగ తెరుచుకోవచ్చు, ఏం గాదు, మనకు చదవడమే కావాలె, రాయొద్దు గూడ.

అది అయినంక కొత్త 1 టీబీ డిస్క్ తెచ్చి పాతదాన్ని అచ్చం అట్లనే దాని మీదికి దింపు. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ పాడైన సెక్టార్ దగ్గర ఆగిపోతది. గ్నూ డీడీరెస్క్యూ అని ఉన్నది, అది ముందు బాగున్న చోటంతా చదివేస్తది, పాడైనవి వదిలిపెట్టి చివర్ల మళ్ల వస్తది. మింట్‌ల ప్యాకేజీ పేరు ముందు ఇంకో జీ ఉంటది, జీడీడీరెస్క్యూ అని, కమాండ్‌ల ఆ జీ ఉండదు, చానా మంది అక్కడనే తికమక పడతరు. మొదటిసారి హైఫన్ ఎన్ పెట్టి నడుపు, పాడైన చోటును గీకకుండ పోతది. రెండోసారి హైఫన్ ఆర్ 3 పెడితే ఆ చోట్లను మూడుసార్లు ప్రయత్నిస్తది. మ్యాప్ ఫైల్ అని ఒకటి ఇవ్వాలె, అది వేరే పెన్‌డ్రైవ్‌ల పెట్టు, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్ల మొదలవుతది.

ఒక్కటి గుండెల్ల రాసుకో. కమాండ్‌ల మొదటి పేరు పాత డిస్క్, రెండో పేరు కొత్త డిస్క్. తిరగేస్తే ఖాళీ డిస్క్ వచ్చి నాయన డిస్క్ మీద పడ్తది. లినక్స్ డిస్క్‌లకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు నమ్మకు, బూట్ చేసినప్పుడల్లా మారొచ్చు. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు హైఫన్ ఓ పెట్టి నేమ్,సైజ్,మోడల్,సీరియల్ అని ఇచ్చి మోడల్ పేరు, సీరియల్ నంబరు చూడు, డిస్క్ మీద అంటించిన లేబుల్‌తోని సరిచూడు, తర్వాతనే ఎంటర్ కొట్టు. కొత్త డిస్క్ సెక్టార్ల లెక్క పాతదానికి సమానం గని, ఎక్కువ గని ఉండాలె.

క్లోన్ అయినంక పాత డిస్క్ పీకేసి కొత్తదాంతోనే విండోస్ లేపు. రెండూ తగిలించి లేపితే రెండిటికీ ఒకే సంతకం ఉంటది, విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తది. లేచినంక చెక్‌డిస్క్ కొత్తదాని మీద నడుపు. పాతది పారెయ్యకు, కవర్ల పెట్టి తేదీ రాసి బీరువాల పెట్టు.

అక్షరాలక్క:

తమ్ముడూ, నేను విజయవాడలో డీటీపీ చేస్తాను, ఇరవై ఏళ్ల పైనే అయింది, నీ పోస్టు చూసి ఆగలేకపోయా. ఐదేళ్ల క్రితం నేను నీలాగే ఒకే డిస్క్‌లో రెండూ పెట్టుకోవాలని "ఇంకేదైనా"లోకి వెళ్లి ఏ పార్టీషన్ ఏదో సైజు చూసి ఊహించుకుని ఫార్మాట్ గడిలో టిక్ పెట్టా. రెండు డ్రైవ్‌లూ దాదాపు ఒకే సైజు. తప్పుది పోయింది. ఒక దేవస్థానం బ్రహ్మోత్సవాల ఆహ్వానపత్రం, ఎనభై పేజీల సావనీరు పోయాయి, ప్రూఫు కాగితాలు దగ్గర పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి కొట్టాం నేనూ మా చెల్లీ, నాలుగు రాత్రులు. అందుకే చెప్తున్నా, వేరే డిస్క్ మీద వేసుకో, వేసేటప్పుడు నాన్నగారి డిస్క్ సాటా వైరు పీకి పక్కన పెట్టు. కనిపించని డిస్క్‌ని ఏ ఇన్‌స్టాలరూ చెరపలేదు.

ఇంకో సంగతి, నాన్నగారి ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఒక్క పేజ్‌మేకర్ ఫైళ్లే కాదు, వాటిలో పెట్టిన బొమ్మలు లింకు అయి ఉంటాయి, అవి డీ డ్రైవ్‌లో ఇంకెక్కడో ఉండొచ్చు. దేవుడి బొమ్మలు, బోర్డర్లు, క్లిప్ ఆర్ట్ ఫోల్డర్ అడిగి తీసుకో. ఫాంట్ల ఫోల్డర్ కూడా. అను ఫాంట్‌తో కొట్టిన మేటరు యూనికోడ్ కాదు, ఫాంట్ లేకపోతే అదంతా ఇంగ్లీషు గుర్తుల ముద్దలా కనిపిస్తుంది, ఫైలు ఉండి కూడా లేనట్టే.

నరసరావుపేట_కుర్రోడు:

అక్కా, బొమ్మల లింకుల సంగతి నాకు తట్టనే లేదు, నాన్నతో చెప్తే "ఆవిడ మన పని తెలిసినావిడ" అన్నారు. క్లిప్ ఆర్ట్ నిజంగానే డీలో ఉంది.

నాన్నకి డిస్క్ సంగతి చెప్పడానికే నాకు ఒక పూట పట్టింది. విని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లేచి చొక్కా వేసుకుని బయటికెళ్లి డబ్బులు తెచ్చారు. కొత్త 1 టీబీ హార్డ్ డిస్క్, ఒక బయటి హార్డ్ డిస్క్ కొన్నాం. మా బావ ల్యాప్‌టాప్‌లోంచి తీసేసిన 120 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటుంది, అది నాకిచ్చాడు.

ఈ డ్రైవ్‌లో ముఖ్యమైనవి నలభై నిమిషాల్లో వచ్చేశాయి. మిగతాది మధ్యాహ్నం దాకా పట్టింది. 2013 ఫోల్డర్ ఒకటి, 2014లో మూడు ఫైళ్లు రాలేదు, ఎర్రర్ ఇచ్చాయి. రాత్రి డీడీరెస్క్యూ పెట్టి సీరియల్ నంబర్లు మా చెల్లి చేత రెండుసార్లు పైకి చదివించుకుని ఎంటర్ కొట్టా. తెల్లారి ఐదింటికి లేచి చూస్తే 99.99 శాతం. రెండో రౌండ్ వేశాక చివరికి 12 కేబీ రాలేదు. కొత్త డిస్క్‌తో విండోస్ లేచింది, పేజ్‌మేకర్, అను అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ 2013 ఫోల్డర్ కూడా క్లోన్‌లో తెరుచుకుంది! నిన్న మొత్తం నాన్న ఒక్కో పాత కార్డు తెరిచి చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మింట్‌కి వస్తా. ఎస్ఎస్‌డీ మీద వేసేటప్పుడు లెగసీలో వేయాలా యూఈఎఫ్ఐలోనా? ఆన్ చేయగానే నాన్నకి ఎప్పట్లాగే విండోస్ రావాలి, ఏ మెనూ కనిపించకూడదు, అది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు.

పాతబోర్డు:

12 కేబీ! శానా మంచి వార్త చెప్పినవ్ తమ్మీ, నాయనకు నా నమస్కారం చెప్పు.

ఆయన షరతు చానా సులువు. విండోస్ లెగసీల ఉన్నది కాబట్టి మింట్ గూడ లెగసీలనే వేస్కో. రెండు తీర్లల్ల రెండు వేస్తే గ్రబ్ (లినక్స్‌ను లేపే బూట్‌లోడర్) మెనూ నుంచి ఒకదాని నుంచి ఇంకోదాంట్లకు పోలేవు. బూట్ మెనూ తెరిస్తే నీ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనవడ్తది, ఒకదాని ముందట యూఈఎఫ్ఐ అని ఉంటది, అది లేనిది ఎంచుకో. బూట్ మెనూ మీట బోర్డును బట్టి మారుతది, గిగాబైట్‌కు ఎఫ్12, ఏసుస్‌కు ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11.

అక్క చెప్పినట్టు హార్డ్ డిస్క్ వైరు పీకు, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచు. అప్పుడు "మొత్తం డిస్క్ చెరిపెయ్యి" అన్నదే నొక్కొచ్చు, చెరపడానికి అదొక్కటే ఉన్నది కాబట్టి. గ్రబ్ గూడ దాని మీదనే పడ్తది. వైరు పీకకుంటే కింద బూట్‌లోడర్ ఏ డిస్క్ మీద వెయ్యాలె అని అడిగే చోట మొదటి డిస్క్ ఉంటది, చూసుకోకుంటే నాయన డిస్క్ మీద గ్రబ్ కూసుంటది.

వేసినంక సిస్టమ్ ఆపి వైరు తగిలించు, బయోస్‌ల మొదటి బూట్ డిస్క్ కింద హార్డ్ డిస్క్ పెట్టు. నాయన స్విచ్ వేస్తే నేరుగ విండోస్. నువ్వు కూసున్నప్పుడు బూట్ మెనూ మీట కొట్టి ఎస్ఎస్‌డీ ఎంచుకో. గ్రబ్ మెనూల గూడ విండోస్ కావాలంటే సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టు, రాకుంటే గ్రబ్ సెట్టింగ్ ఫైలుల ఓఎస్ ప్రోబర్ డిసేబుల్ అన్న లైను ఫాల్స్ చెయ్యి. గ్రబ్ 2.06 నుంచి అది మామూలుగ ఆపేసి ఉంటది. నీకైతే అవసరమే లేదు.

విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆపు, పవర్ ఆప్షన్స్‌ల ఉంటది. అది ఉంటే షట్‌డౌన్ అనేది నిజం షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. ఆ నిద్రల ఉన్న డ్రైవ్ మీద లినక్స్ నుంచి రాస్తే ఫైల్ సిస్టమ్ పాడైతది. ఈ డ్రైవ్‌ను లినక్స్‌ల తెరవనే తెరవకు. ఇంక, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ అయిపోయింది, మీ 6100కు విండోస్ 11 లెక్క ప్రకారం పడదు, ఎనిమిదో జనరేషన్ నుంచే ఇస్తరు. కస్టమర్లు వాట్సాప్‌ల, మెయిల్‌ల పంపే ఫొటోలు, మేటరు మింట్‌ల దింపుకుని చూసి, విండోస్‌ను నెట్ లేకుండ ఉంచితే నాయన పనికి భద్రం. అది మెల్లగ అలవాటు చెయ్యి.

నరసరావుపేట_కుర్రోడు:

అన్నా, అయిపోయింది! ఎస్ఎస్‌డీ మీద మింట్ పది నిమిషాల్లో పడింది. మొదటి ఫోర్క్ ప్రోగ్రాం రాత్రే రన్ చేశా.

పొద్దున నాన్న కూర్చుంటే విండోస్ గడియారం నాలుగున్నర చూపిస్తోంది, టైం అప్పుడు పది. ఆయన "నా దాంట్లో ఏదో మార్చావు కదా" అన్నారు, నాకు గుండె ఆగినంత పనైంది.

రూట్_కరీంనగర్:

భయపడకు భాయ్, సరిగ్గా ఐదున్నర గంటల తేడా చూడు, అదే జవాబు. బోర్డు మీద గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ టైం పెడుతుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కి సెట్-లోకల్-ఆర్టీసీ 1 అని ఇవ్వు, లినక్స్ కూడా మన టైమే పెడుతుంది. తర్వాత విండోస్‌లో ఒకసారి టైం సరిచేస్తే మళ్ళీ రాదు.

అక్షరాలక్క:

తమ్ముడూ, ఇప్పుడు నాన్నగారికి ఒకటి చూపించు. మింట్‌లో వేరే భాషలు టైప్ చేయించే ఐబస్, దానికి కీబోర్డు లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటివాటితో పాటు యాపిల్ కీబోర్డు కూడా ఉంటుంది. డీటీపీ వాళ్లలో చాలామంది వేళ్లకి అలవాటైంది అదే. ఒకటి రెండు మీటలు తేడా ఉండొచ్చు, చూసుకోమను. పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. పేజ్‌మేకర్ లాంటి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఉంది, 1.6 తీసుకో, అంతకుముందు 1.4లో తెలుగు ఒత్తులు విడివిడిగా పడేవి, ఇప్పుడు సరిగా కలుస్తున్నాయి, ప్రెస్‌కి సీఎంవైకే (నాలుగు రంగుల అచ్చు) పీడీఎఫ్ కూడా ఇస్తుంది. పెళ్లి కార్డులు ఇప్పుడే దాంట్లో చేయమని చెప్పను, సీజన్‌లో చేతికి అలవాటైన పనిముట్టు మార్చకూడదు. స్కూల్ ప్రశ్నపత్రం ఒకటి చేసి చూడమను.

నరసరావుపేట_కుర్రోడు:

టైం సరైపోయింది రూట్ భాయ్, థ్యాంక్స్.

అక్కా, యాపిల్ కీబోర్డు పెట్టి ఇచ్చా. నాన్న కుర్చీ లాక్కుని తెరవైపు చూడకుండా "చి.ల.సౌ." అని కొట్టి, తర్వాత మా ఊరి పేరు, మా తాత పేరు కొట్టారు. రెండు మీటలు తేడా వచ్చాయి, వాటిని కాగితం మీద రాసుకుని మానిటర్‌కి అంటించుకున్నారు. ఇప్పుడు "ఇది ప్రింటు తీయొచ్చా" అని అడుగుతున్నారు. మా దగ్గర లేజర్‌జెట్ 1020 ఉంది, మింట్‌లో పేరు కనిపిస్తోంది కానీ కాగితం కదలట్లేదు.

అక్షరాలక్క:

నా దగ్గరా అదే ప్రింటర్. దాంట్లో ఫర్మ్‌వేర్ నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి, దానికో ప్లగిన్ కావాలి. టెర్మినల్‌లో హెచ్‌పీ-ప్లగిన్ అని కొట్టు, నెట్ ఆన్‌లో ఉండాలి, షరతులకి ఒప్పుకుని పాస్‌వర్డ్ ఇస్తే దింపుకుంటుంది. తర్వాత ప్రింటర్ స్విచ్ ఒకసారి ఆపి వెయ్యి.

నరసరావుపేట_కుర్రోడు:

వచ్చింది అక్కా. తాత పేరున్న కాగితం నాన్న టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు.